మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి



నేను చర్మవైద్యురాలిని. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో కొందరి చేతిసంచిలో పాత మందుచీటీలతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో రాలిన వెంట్రుకలు. కొందరైతే రోజుకో పొట్లం కట్టి, తేదీ కూడా రాసి తెస్తారు. బల్ల మీద పెట్టి, "ఇది నిన్నటిది డాక్టరమ్మా, ఇది మొన్న తలంటుకున్న రోజుది" అని చూపిస్తారు. ఆ కవరు ఎందుకు తెచ్చారో నేను అడగక్కర్లేదు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు కాబట్టి తెచ్చారు. "నీ జుట్టుకేమైంది, నిక్షేపంలా ఉంది" అని ఇంటాయన అని ఉంటారు. "మా కాలంలో ఇవన్నీ పట్టించుకున్నామా" అని అత్తగారు అని ఉంటారు. అంతకుముందు చూపించుకున్న డాక్టరు కూడా తల వంక చూడకుండానే ఒక విటమిన్ మాత్ర రాసి పంపేసి ఉండొచ్చు.

వాళ్లెవరూ కావాలని అబద్ధం చెప్పడం లేదు. తలంతా ఒకే తీరుగా పలచబడే జుట్టు ఎదుటివాళ్ల కంటికి చాలా ఆలస్యంగా ఆనుతుంది. దాదాపు సగం పోయేదాకా తెలియకపోవచ్చు. కానీ రోజూ జడ అల్లుకునే మనిషికి తన జడ ఎంత లావో వేళ్లకే తెలుసు. రబ్బరు బ్యాండు రెండు చుట్లకు సరిపోయేది, ఇప్పుడు నాలుగు చుట్లు తిప్పినా జారిపోతోందని ఆమెకు తెలుసు. అందుకని నేను ముందుగా చెప్పదలచుకున్నది ఇది. జుట్టు ఊడిపోతోందని ఒక ఆడమనిషి అంటే, నమ్మండి. నమ్మి, ఆమెతో కూర్చుని మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి.

మూడు నెలలే ఎందుకో చెబుతాను.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. దేని ఆయుష్షు దానిదే. ఒక వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా పెరుగుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో పెరగడం ఆపేస్తుంది. ఆపైన సుమారు మూడు నెలలు కుదురులో ఊరికే నిలబడి, రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది మొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తల మీద ఏ రోజు చూసినా నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. అందువల్ల రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకల్ని మన అమ్మమ్మలు వేలికి చుట్టి, గోడ గూట్లోనో చూరులోనో దాచడం మీలో చాలామంది చూసే ఉంటారు. వీధిలోకి కొనేవాళ్లు వచ్చినప్పుడు అవి ఇచ్చి పిన్నులో, చిన్న గిన్నెలో తీసుకునేవారు. నడుము దాటిన జడలున్న ఆ ఇళ్లలోనూ రోజూ జుట్టు రాలింది. రాలిన జుట్టుతో ఒక వ్యాపారమే నడిచింది.

ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. వెంట్రుక కుదురులో ఉండే కణాలు శరీరంలో అతి వేగంగా విభజన చెందే కణాల్లో ఉన్నాయి. వాటికి నిత్యం మాంసకృత్తులు, ఇనుము, శక్తి అందుతూ ఉండాలి. కరువొచ్చిన ఏడు ఇంట్లో ముందు ఆగేది పండగ ఖర్చు, పొయ్యి మాత్రం ఆరదు. ఒళ్లు కూడా అంతే. వారం పది రోజులు 103, 104 డిగ్రీల జ్వరం కాస్తే గుండె, మెదడు, కాలేయం నడవడానికి కావలసింది వాటికిచ్చి, జుట్టు పనిని పక్కన పెడుతుంది. పెరుగుతున్న వెంట్రుకల్లో ఎన్నో ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. కానీ ఆ రోజే రాలవు. రెండు మూడు నెలలు కుదుళ్లలో నిలిచి, అప్పుడు గుంపుగా రాలడం మొదలుపెడతాయి. రోజుకు రెండు మూడు వందలు కూడా పోవచ్చు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు ఈ తీరును వివరించి, టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టారు. మీ చీటీ మీద ఆ పేరు కనిపిస్తే భయపడకండి. నేను ఇప్పుడు చెప్పిందే అది.

ఈ మధ్యలో ఉన్న మూడు నెలలే మనల్ని మోసం చేస్తాయి. జ్వరం తగ్గి, మళ్లీ పనుల్లో పడి, జబ్బు సంగతి మరిచిపోయాక జుట్టు చేతికొస్తుంది. అప్పుడు కళ్లముందు ఏది కొత్తగా కనిపిస్తే దాని మీద నేరం పడుతుంది. షాంపూ మార్చాను, అందుకే. కొత్త నూనె పడలేదు. ఫలానావాళ్ల దిష్టి తగిలింది. మన ప్రాంతంలో వానలు మొదలయ్యాక డెంగీ, టైఫాయిడ్, మలేరియా జ్వరాలు పెరుగుతాయి. శ్రావణ భాద్రపదాల్లో ఎక్కువగా ఉంటాయి. ఆ జ్వరాలు పడి లేచిన ఆడవాళ్లు కార్తికం, మార్గశిరం వచ్చేసరికి జుట్టు గురించి మా దగ్గరికి వస్తారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో వేవ్ ఊళ్లను ఊపేసింది కదా. ఆ వానాకాలంలో జుట్టు కోసం వచ్చినవాళ్లను చూస్తే, ఎవరింట్లో ఎప్పుడు జ్వరం వచ్చిందో క్యాలెండరు చూడకుండానే చెప్పగలిగేలా ఉండేది.

ఒకావిడ గుర్తొస్తున్నారు. పల్లెటూరి నుంచి హైదరాబాదుకు కాపురం మార్చారు. ఇక్కడి బోరు నీళ్ల వల్ల జుట్టంతా పోతోందని, తిరిగి ఊరికి వెళ్లిపోదామని ఇంట్లో రోజూ గొడవ. నీళ్ల సంగతి పక్కన పెట్టి, అంతకుముందు ఏం జరిగిందమ్మా అని అడిగాను. ఆమె తండ్రి నెలకు పైగా ఐ.సి.యు.లో ఉండి పోయారు. ఆ ఖర్చులకు ఊళ్లో ఇల్లు అమ్మారు. నిద్రలేదు, వేళకు తిండి లేదు, ఆసుపత్రి వరండాలో బిస్కట్లు, టీతో గడిపారు. ఇదంతా చెబుతూ చెబుతూ ఆమె నెలలు లెక్కపెట్టుకున్నారు. నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే వెంట్రుక గరుకెక్కుతుంది, మధ్యలో తెగుతుంది. కుదురు నుంచి ఊడదీసే శక్తి ఆ నీళ్లకు లేదు.

తెగడానికీ ఊడడానికీ తేడా మీరే చూసుకోవచ్చు. రాలిన వెంట్రుక చివర గసగసం కన్నా చిన్నగా, తెల్లని బొడిపె ఉంటే అది విశ్రాంతి ముగించుకుని ఊడిన వెంట్రుక. ఆ తెల్లని బొడిపెను చూసి చాలామంది గుండె జారిపోతారు. వేరుతో సహా వచ్చేసింది, ఇక అక్కడ మొలవదు అనుకుంటారు. అది వేరు కాదమ్మా. వెంట్రుక అడుగుభాగం గట్టిపడితే అలా ఉంటుంది. కొత్త వెంట్రుకను పుట్టించే కుదురు చర్మం లోపల భద్రంగా ఉంది. చాలాసార్లు కింద కొత్తది బయలుదేరి పైకి వస్తుంటేనే పాతది జారి బయటపడుతుంది.

మూడు నెలల వెనక జ్వరం ఒక్కటే దొరుకుతుందని కాదు. ఆపరేషన్ కావచ్చు, ఎక్కువ రక్తం పోయిన ప్రమాదం కావచ్చు. పెళ్లి కుదిరిందని రెండు నెలల్లో పది కిలోలు తగ్గడానికి అన్నం మానేసిన అమ్మాయిలకు పెళ్లి ఫొటోల వేళకు జుట్టు రాలడం నేను తరచూ చూస్తున్నాను. గర్భనిరోధక మాత్రలు ఆపినా జరుగుతుంది. మూర్ఛకు, రక్తపోటుకు, మొటిమలకు వాడే కొన్ని మందులతోనూ జరగొచ్చు. అలాగని మీ అంతట మీరు ఆ మందులు మానకండి. రాసిన డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

బాలింతల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండి వెంట్రుకల్ని రాలనివ్వదు. అందుకే ఆ నెలల్లో జడ లావెక్కినట్టు ఉంటుంది. కాన్పు కాగానే ఆ హార్మోను పడిపోతుంది. ఆగిపోయిన వెంట్రుకలన్నీ కలిసి, బిడ్డ మొహం గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టే మూడో నాలుగో నెలల్లో రాలతాయి. నుదుటి పైన, కణతల దగ్గర మరీ పలచగా కనిపిస్తుంది. పాలివ్వడం వల్లే ఇలా అయిందని, పాలు మాన్పించమని సలహాలిచ్చేవాళ్లుంటారు. దయచేసి ఆ మాట వినకండి. పాలకూ దీనికీ సంబంధం లేదు. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. రాకపోతే, రక్తం తక్కువగా ఉందేమో, థైరాయిడ్ తేడా చేసిందేమో చూడాలి. కాన్పు తర్వాత థైరాయిడ్ గ్రంథి దెబ్బతినడం అరుదేమీ కాదు.

ఇక దిగులు, ఒత్తిడి. మనసు బాధపడితే జుట్టు రాలుతుందా అని సందేహించేవాళ్లున్నారు. 2021లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఒత్తిడి వల్ల పెరిగే హార్మోను వెంట్రుక కుదురు అడుగున ఉన్న కణాల మీద పనిచేసి, కొత్త వెంట్రుకను మొలిపించే మూలకణాల్ని నిద్రలోనే ఉంచుతోందని చూపించారు. మనిషిలో అంతా అచ్చంగా అలాగే జరుగుతుందని ఇంకా చెప్పలేం. కానీ దుఃఖం ఒంటి మీద జాడ వదులుతుందని రోజూ చూసే మాలాంటివాళ్లకు అది ఆశ్చర్యం కలిగించలేదు. ఇక్కడ ఒక మాట. "టెన్షన్ పడకు, టెన్షన్ పడితే ఇంకా ఊడుతుంది" అని ఆమెతో అనకండి. ఆ మాట విన్న మనిషికి జుట్టు దిగులుకు తోడు, దిగులు పడుతున్నానే అన్న దిగులు మొదలవుతుంది. ఆమెకు రాత్రి ఆరేడు గంటలు నిద్ర పట్టే వీలు చేయండి. పొద్దున ఐదింటికి లేచి అందరికీ క్యారియర్లు కట్టే పనిలో సగం ఎవరైనా తీసుకోండి. మందుల షాపులో అమ్మే ఏ సీసా కన్నా అది ముఖ్యం.

చాలామందికి ఈ రాలడం మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. మందు లేకుండానే. మరి ఆరు నెలలు దాటినా ఆగనివాళ్ల మాటేమిటి? నేను ముఖ్యంగా ఈ రోజు మైకు ముందు కూర్చున్నది వాళ్ల కోసమే. వాళ్లకే సాయం తక్కువ, సలహాలు ఎక్కువ.

ఆగకపోవడానికి మన దగ్గర నేను మొదట వెతికేది ఇనుము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇందుకు మినహాయింపు కాదు. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, వరస కాన్పులు, ఆఖర్న మిగిలింది తినడం. ఇది ఇన్నేళ్లుగా మనం మామూలని సరిపెట్టుకున్న సంగతి. నాకు కోపం తెప్పించే సంగతి కూడా. హిమోగ్లోబిన్ పరవాలేదు అనిపించినా లోపల నిల్వలు ఖాళీగా ఉండొచ్చు. ఆ నిల్వను చెప్పే పరీక్ష ఫెరిటిన్. ల్యాబు కాగితం మీద 10 నుంచో 15 నుంచో నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది. జుట్టు రాలేవాళ్లకు అది 40 దాటి ఉండాలని చాలామంది చర్మవైద్యులు చూస్తారు. ఈ అంకె మీద వైద్యులందరిదీ ఒకే మాట కాదు. అయినా 12 ఉన్న మనిషిని "అంతా నార్మలే" అని పంపేయడం మాత్రం సరికాదు. ఇంకొకటి, జ్వరంలోనూ ఒంట్లో వాపు ఉన్నప్పుడూ ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. జబ్బు పూర్తిగా తగ్గాక చేయించుకుంటేనే నిజం తెలుస్తుంది.

ఇనుము మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. మా దగ్గర సమస్య మాత్ర దొరకడం కాదు, మింగడం. మలం నల్లగా వస్తుంది, మలబద్ధకం చేస్తుంది, కడుపులో తిప్పుతుంది. నాలుగు రోజులకే పక్కన పడేస్తారు. నల్లగా రావడం మామూలే, భయం లేదు. కడుపులో తిప్పితే రోజు మార్చి రోజు వేసుకునేలా డాక్టరును అడగండి. టీ, కాఫీ, పాలతో మాత్రం వేసుకోకండి, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. హిమోగ్లోబిన్ పెరగ్గానే ఆపేయకుండా, నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడాలి. నెలసరిలో గడ్డలు గడ్డలుగా పోతుంటే దానికి వైద్యం చేయించుకోవాలి. కింద కారిపోతుంటే పైన ఎంత పోసినా నిలవదు.

తర్వాత చూడాల్సింది పళ్లెం. మనకు పథ్యం అనే అలవాటు ఉంది. జ్వరం తగ్గాక నెలరోజులు చారన్నం, ఇడ్లీ, గంజి. పప్పు వాతం, గుడ్డు వేడి, చేప పడదు, పెరుగు జలుబు. కాన్పయిన మనిషికి మరీ కట్టడి. ప్రేమతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ వెంట్రుక అంటేనే కెరటిన్ అనే మాంసకృత్తి. పది రోజుల జ్వరంలో కండ కరిగిపోయిన మనిషికి, తిరిగి కట్టుకునే వేళ మాంసకృత్తులే ఆపేస్తే జుట్టు దేంతో మొలవాలి? అరుగుదల కుదిరిన వెంటనే పప్పు, పెరుగు, గుడ్డు మొదలుపెట్టండి. తినేవాళ్లు చేప, మాంసం, వారానికోసారి కాస్త కాలేయం. శాకాహారులు శనగలు, పెసలు, పల్లీలు, నువ్వులు, మునగాకు, తోటకూర. శాకాహారులకు బి 12 పరీక్ష కూడా చేయించడం మంచిది. ఖరీదైన పొడి డబ్బాలు అక్కర్లేదు.

థైరాయిడ్ కోసం టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించాలి. ఇక్కడ జాగ్రత్త చెప్పాల్సింది ఉంది. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో బయోటిన్ పెద్ద మోతాదులో ఉంటుంది. నిజంగా బయోటిన్ లోపం ఉండడం చాలా అరుదు. పైగా ఆ మాత్రలు వేసుకుంటూ రక్తపరీక్ష చేయించుకుంటే థైరాయిడ్ ఫలితాలు తప్పుగా రావచ్చు. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకు వెళ్లేముందు ఆ మాత్ర వేసుకుంటున్నట్టు చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో అడగండి. విటమిన్లు ఎక్కువైతే మంచిదే కదా అనుకునేవాళ్లకు ఇంకో మాట: విటమిన్ ఏ మోతాదు మించితే, దాని వల్లే జుట్టు రాలుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, 30 నుంచి 60 ఏళ్ల మధ్య కొందరు ఆడవాళ్లకు ఏళ్ల తరబడి రాలుతూ, మధ్యలో తగ్గుతూ, మళ్లీ రాలుతూ ఉంటుంది. దీర్ఘకాలపు టెలోజెన్ ఎఫ్లూవియం అని దీన్ని 1996లో డేవిడ్ వైటింగ్ అనే వైద్యుడు వివరంగా రాశారు. ఎన్నేళ్లు సాగినా ఇది బట్టతలకు దారితీయదు. ఈ ఒక్క వాక్యం కోసం ఊళ్లు దాటి వచ్చిన మనుషులున్నారు.

బట్టతల తీరు వేరే ఉంది. అందులో జుట్టు గుప్పిళ్లుగా రాలదు. నడినెత్తిన వెంట్రుకలు సన్నబడుతూ, పాపిడి వెడల్పవుతూ పోతుంది. అమ్మకో, మేనత్తకో ఉండి ఉంటుంది. కొందరికి ఇది లోపల మెల్లగా మొదలై ఉంటుంది, జ్వరం తర్వాత రాలడంతో బయటపడుతుంది. దానికి తలకు రాసే మినాక్సిడిల్ పనిచేస్తుంది. మొదట్లో దీన్ని రక్తపోటుకు మాత్రగా తయారుచేశారు, వాడినవాళ్లకు వెంట్రుకలు పెరగడం చూసి తలకు మందుగా మార్చారు. రాయడం మొదలుపెట్టిన కొన్ని వారాలు జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. అది ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల, భయపడి సీసా పారేసినవాళ్లు చాలామంది. ఫలితం తెలియడానికి నాలుగైదు నెలలు కావాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. కేవలం జ్వరం వల్ల రాలుతుంటే చాలాసార్లు ఈ మందు అవసరమే పడదు. అలాంటివాళ్లకు వేలకు వేలు పోసి సూదులు, ప్యాకేజీలు, నెత్తిన జుట్టు నాటడం అమ్మేవాళ్లకు దూరంగా ఉండండి. తనంతట తిరిగి వచ్చే జుట్టుకు వాళ్లు బిల్లు వేస్తారు.

మందారాకు, గుంటగలగరాకు, కరివేపాకు వేసి కాచిన నూనెల గురించి అడగబోతున్నారని తెలుసు. నూనె వెంట్రుకను మృదువుగా ఉంచుతుంది, తెగకుండా కాపాడుతుంది. అమ్మ చేత్తో తల మర్దన చేయించుకుంటే నిద్ర పడుతుంది. అది తక్కువ మేలు కాదు. రాలే కాలాన్ని మాత్రం నూనె ఆపలేదు. ఉల్లిరసం, అల్లంరసం తలకు పట్టించి చర్మం పొక్కి వచ్చినవాళ్లను చూశాను, అవి వద్దు. రాలుతుందన్న భయంతో తలస్నానం మానేయకండి. వారం రోజులు ఆపితే, ఆ ఏడు రోజులవీ ఒక్కసారే చేతికొచ్చి ప్రాణం పోయినంత పనవుతుంది. మామూలుగానే తలంటుకోండి. కుంకుడుకాయైనా షాంపూ అయినా మీ ఇష్టం. తడి తల మీద దువ్వెన పెట్టకండి. జడ బిగించి లాగకండి.

కొన్ని గుర్తులుంటే మాత్రం నేను ఇంతసేపు చెప్పింది మీకు వర్తించదు, ఆలస్యం చేయకుండా చర్మవైద్యుల్ని కలవండి. రూపాయి బిళ్లంత గుండ్రంగా, నున్నగా మచ్చలు పడితే అది పేనుకొరుకుడు. పేలకూ దానికీ సంబంధం లేదు, దాని వైద్యం వేరు. తలలో మంట, దురద, నొప్పి ఉండి, జుట్టు పోయినచోట చర్మం మెరుస్తూ రంధ్రాలు పూడుకుపోయినట్టుంటే అస్సలు ఆగకండి. అక్కడ కుదుళ్లే మాడిపోతాయి, పోయినవి తిరిగి రావు.

ఇప్పుడు మందులకు లొంగని సంగతి ఒకటి మాట్లాడాలి. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది అని మన సామెత. జుట్టు తగ్గినమ్మ పెళ్లికి వెళ్లడం మానేస్తుంది. నేను అతిశయంగా చెప్పడం లేదు. శుభకార్యంలో నలుగురి ముందు "అయ్యో, ఎంత జుట్టుండేదే నీకు!" అని ఒక పెద్దావిడ అంటుంది. ఆ మాటకు ఆ అమ్మాయి ఏం జవాబు చెప్పాలి? మన సమాజం ఆడదాని జుట్టు మీద పెట్టిన బరువు చిన్నది కాదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేనాటికి, కొన్ని కులాల ఇళ్లలో భర్త పోయిన పిల్లకు తల గొరిగించడం ఆచారంగా ఉంది. జుట్టు తీసేయడమే శిక్షగా ఉన్న చోట, జుట్టు రాలితే అశుభమన్న భయం ఎన్ని తరాలకని పోతుంది? అదే నేల మీద, తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్లు తమ ఇష్టంతో తలనీలాలు ఇచ్చి, గుండు మీద గంధం రాసుకుని నవ్వుతూ బయటికి వస్తారు. జుట్టు లేకపోవడం ఒకటే. ఎవరి ఇష్టంతో అన్నదే తేడా. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా అని అడుగుతారు. రాదు, కుదుళ్ల సంఖ్య మారదు. మొక్కు ఉంటే ఇచ్చుకోండి, వైద్యమని మాత్రం చేయించుకోకండి.

జుట్టు తిరిగి పెరిగేదాకా సవరం పెట్టుకోవడంలో, విగ్గు వాడడంలో, భుజాల దాకా కత్తిరించుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన పూలజడలన్నీ సవరాల మీదే కదా నిలిచింది. పెళ్లిపీటల మీద అందరికీ తెలిసి పెట్టుకున్నదాన్ని, ఆఫీసుకు పెట్టుకుంటే దాచాల్సిన రహస్యం ఎందుకవుతుంది? సవరం మరీ బరువైనది కాకుండా చూసుకోండి, కుదుళ్లు లాగకుండా ఉంటే చాలు.

రోజూ వెంట్రుకలు లెక్కపెట్టడం మానేయండి. దానికి బదులు నెలకోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో పాపిడి ఫొటో తీసి ఉంచుకోండి. నుదుటి అంచున, పాపిడి పొడవునా చిన్న చిన్న వెంట్రుకలు నిలబడి కనిపిస్తే అవి చాలావరకు తెగినవి కావు, కొత్తగా వస్తున్నవి. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి. అంటే రాలడం ఆగిన రోజునే జడ లావెక్కదు. ఆ కొత్త వెంట్రుకలు జడలో కలవాలంటే ఏడాది పైనే పడుతుంది, నడుము దాకా రావాలంటే కొన్నేళ్లు. ఈ లెక్క ముందే తెలిస్తే, మధ్యలో ఎవరి ప్రకటనకూ లొంగరు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి. రాలడం ఏ నెలలో మొదలైంది, అంతకు ముందు ఆరు నెలల్లో ఒంట్లో, ఇంట్లో ఏం జరిగింది, నెలసరి ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు. ఇంట్లో జరిగింది కూడా రాయండి. చావులు, అప్పులు, గొడవలు డాక్టరుకు ఎందుకులే అనుకోవద్దు. మీ మాట సగంలో తుంచేసి "ఇది మామూలే" అని ఎవరైనా అంటే, నెమ్మదిగానే, లేవకుండా కూర్చుని అడగండి: "నా ఫెరిటిన్ ఎంత ఉందండీ? థైరాయిడ్ చూద్దామా?" ఆ రోజు మీ పక్కన కుర్చీలో ఇంటాయనో, అక్కో, కూతురో ఉంటే ఆ ప్రశ్న అడగడం తేలికవుతుంది. వింటున్న ఇంటాయనలకు ఈ ఆఖరి మాట: ఒక పూట సెలవు పెట్టి వెంట వెళ్లండి.